అల్లుడూ, ముందు రాడ్ మీద రాసింది చదువు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బాస్ చేపలు పట్టే గాలం రాడ్ కొనడానికి నువ్వు వేసి పంపిన ఎక్సెల్ షీటు చూశాను. ఆరు బ్రాండ్లు, ధరలు, స్టార్ రేటింగులు, నచ్చినవాటికి పచ్చ రంగు, నచ్చనివాటికి ఎరుపు. ఇల్లు కొన్నప్పుడు కూడా నువ్వింత లెక్క వేసినట్టు లేదు. చివర్న "వీటిలో ఏది బెస్ట్ మామయ్యా?" అని అడిగావు. ఫోన్లో చెబుదామంటే నీకు తీరిక దొరికే వేళకి నేను నిద్రపోతాను. అందుకని రాస్తున్నాను, నింపాదిగా చదువుకో.

నీ షీటులో అసలు ఉండాల్సిన రెండు కాలమ్స్ లేవురా. పవర్, యాక్షన్. ఏ కంపెనీ బాస్ రాడ్ తీసుకున్నా, పిడికి కాస్త పైన సన్నటి అక్షరాల్లో ఒక వరుస ఉంటుంది: 7 అడుగులు, మీడియం హెవీ, ఫాస్ట్, లైను (గాలం దారం) 12–20 పౌండ్లు, ఎర 1/4–3/4 ఔన్సు. ఆ వరుసే రాడ్ జాతకం. పెద్దక్షరాల్లో మెరిసే కంపెనీ పేరు వట్టి ఇంటిపేరు. ఒకే కంపెనీవాళ్ళ మీడియం రాడ్‌కీ హెవీ రాడ్‌కీ ఉన్నంత తేడా, ఒకే పనికి చేసిన రెండు కంపెనీల రాడ్ల మధ్య ఉండదు.

పవర్ అంటే కర్ర ఎంత బరువుకి వంగుతుందన్నది. యాక్షన్ అంటే ఎక్కడ వంగుతుందన్నది. ఫాస్ట్ రాడ్ కొన వైపు మూడో వంతే వంగుతుంది, కిందంతా బిర్రుగా ఉంటుంది. మోడరేట్ రాడ్ నడుము దాకా వంగుతుంది. చిన్నప్పుడు నేను బందరు కాలువ గట్టున జెల్లల కోసం వేసిన వెదురు గాలమైతే మొదలంటా వంగేది. దానికి అది చాలు. బెండు మునిగిందా, లాగామా, అంతే.

ఇక్కడ టెక్సస్‌లో బాస్ అలా కాదు. దాని బుద్ధి మన కొర్రమీను బుద్ధి. నాచులోనో మునిగిన చెట్టు మొదట్లోనో పొంచి ఉంటుంది. ఎర దగ్గరికి రాగానే నీళ్ళతో సహా లోపలికి పీల్చేస్తుంది, అనుమానం వస్తే అంతే వేగంగా ఊసేస్తుంది. ఆ మధ్యలో నీకు చిక్కేది ఒక్క క్షణం. టెక్సస్ రిగ్ అని ఎర కట్టే పద్ధతి ఒకటుంది, అందులో హుక్ మొన ప్లాస్టిక్ పురుగు లోపల దాగి ఉంటుంది కదా, అది ముందు పురుగుని చీల్చుకుని తరవాత చేప దవడలో దిగాలి. మెత్తటి కర్రతో లాగితే నీ బలమంతా కర్ర వంగడానికే సరిపోతుంది. అందుకే దానికి మీడియం హెవీ, ఫాస్ట్.

క్రాంక్‌బెయిట్, అంటే చిన్న చేపలా ఉండే గట్టి ఎర, దానికి వచ్చేసరికి ఆ బిర్రుతనమే కొంప ముంచుతుంది. దాని కింద వేలాడే మూడు ముళ్ళ హుక్కులు చిన్నవి, చాలాసార్లు పైపైనే గుచ్చుకుంటాయి. గట్టి రాడ్‌తో లాగావంటే చేప నోట్లోంచి ఊడొస్తాయి. నడుము దాకా వంగే రాడ్ అయితే చేప తల విదిలించినప్పుడల్లా తానూ వంగి సర్దుకుంటుంది.

ఇంకో చిక్కు ఉంది. "మీడియం హెవీ" అన్న మాటకి కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న కొలత ఏమీ లేదు. ఒకరి మీడియం హెవీ ఇంకొకరి హెవీకి దగ్గరగా ఉండొచ్చు. అందుకని ఆ మాట కంటే పక్కనున్న ఎర బరువు అంకెని నమ్ముకో. 1/4–3/4 ఔన్సు అంటే సుమారు 7 నుంచి 21 గ్రాములు. మీ అత్తయ్య భాషలో ముప్పావు తులానికి కాస్త తక్కువ నుంచి రెండు తులాల పైచిలుకు.

ఇక నీ బ్రాండ్ల సంగతి. అగ్లీ స్టిక్‌కి నువ్వు ఎర్ర రంగు వేశావు, నాకు కాస్త బాధేసింది. షేక్‌స్పియర్ కంపెనీ 1976 నుంచి అమ్ముతున్న పేరు అది. గ్రాఫైటూ ఫైబర్‌గ్లాసూ కలిపి చేస్తారు, కొన మాత్రం అద్దంలా కనపడే వట్టి ఫైబర్‌గ్లాస్. జీఎక్స్2 రకం 50 డాలర్లకు అటూ ఇటూగా వస్తుంది. లైను దూరి వెళ్ళే గైడ్లు ఒకే స్టీలు ముక్కతో చేసినవి, లోపల ఊడిపోయే పింగాణీ రింగు ఉండదు. మీవాడు దాంతో కర్రసాము చేసినా తట్టుకుంటుంది. బరువెక్కువ, చురుకు తక్కువ, ఒప్పుకుంటాను. పురుగు నీటి అడుగున రాయి మీద పాకిందో కొమ్మ మీద పాకిందో చేతికి అంత తేటగా చెప్పదు. అయితే దాన్ని పురుగు కోసం ఎవరు కొనమన్నారు? క్రాంక్‌బెయిట్ కోసం కొను. ఆ మెత్తదనమే అక్కడ గుణం.

సెయింట్ క్రోయ్ 1948లో మొదలైన కంపెనీ, విస్కాన్సిన్‌లోని పార్క్ ఫాల్స్ అనే చిన్న ఊరిది. దానికి "మేడ్ ఇన్ అమెరికా" అని టిక్కు పెట్టావు. ఖరీదైన రకాలు అక్కడివే గానీ, నువ్వు చూస్తున్న మోజో బాస్ మెక్సికోలోని వాళ్ళ సొంత ఫ్యాక్టరీలో తయారవుతుంది. దానివల్ల దాని విలువేమీ తగ్గదు, టిక్కు మాత్రం తీసెయ్. ధర 150 డాలర్ల పైమాట.

డాబిన్స్ కంపెనీ గ్యారీ డాబిన్స్ అనే టోర్నమెంటు ఆటగాడు కాలిఫోర్నియాలో పెట్టింది. నాకు నచ్చేది ఆయన పేర్లు పెట్టే పద్ధతి. 703సి అంటే 7 అడుగుల 0 అంగుళాలు, పవర్ 3, సి అంటే కాస్టింగ్, రీలు రాడ్ పైన కూర్చునే రకం. 734సి అంటే 7 అడుగుల 3 అంగుళాలు, పవర్ 4. సంగతంతా పేరులోనే ఉంది, సేల్స్‌మన్‌ని అడగక్కర్లేదు. ఫ్యూరీ రకం మోజో కంటే కొంచెం తక్కువలో దొరుకుతుంది.

జీ లూమిస్ దగ్గరికి వస్తున్నాను, నీ మనసంతా అక్కడే ఉందని తెలుసు. గ్యారీ లూమిస్ 1982లో వాషింగ్టన్ రాష్ట్రంలోని వుడ్‌ల్యాండ్‌లో మొదలుపెట్టాడు, 1997లో షిమానో కొనేసింది. వాటిలో పైరకాలు 500 డాలర్లు దాటతాయి. పట్టుకుంటే చేతిలో ఏమీ లేనట్టే ఉంటుంది. ఇప్పుడు నీకు అవసరమా అంటే, లేదు. 50 నుంచి 150కి ఎక్కినప్పుడు పెట్టిన ప్రతి డాలరూ చేతికి తెలుస్తుంది. 150 నుంచి 500కి వెళ్ళినప్పుడు వచ్చే తేడా తెలియాలంటే చెయ్యి ముందు పండాలి.

పైగా ఆ తేలికదనానికి వేరే ఖరీదు ఉంది. కార్బన్ షీటుని స్టీలు కడ్డీ చుట్టూ చుట్టి, కాల్చి రాడ్ చేస్తారు. మాడ్యులస్ ఎక్కువున్న కార్బన్ అంటే బిర్రు ఎక్కువ, కాబట్టి తక్కువ షీటుతోనే పనైపోతుంది, రాడ్ తేలికవుతుంది. గోడ పలచనైతే దెబ్బకి తట్టుకోదు. సీసం గుండు ఒకసారి టక్కున తగిలినా కంటికి కనపడని బీట పడొచ్చు, నెల తరవాత పెద్ద చేప పడ్డ రోజున అక్కడే విరుగుతుంది. అప్పుడు మనం కంపెనీని తిట్టుకుంటాం.

నా సొంత కథ ఇంకా సిగ్గుచేటు. ఒక ఖరీదైన రాడ్ కొని మూడోసారి లేక్ ఫోర్క్ చెరువు నుంచి తిరిగొస్తూ, కారుకి పెట్రోలు కొట్టించిన చోట మంచినీళ్ళ సీసా తీసి డిక్కీ మూశాను. "టప్" మన్న చప్పుడు. కొన రెండంగుళాలు విరిగి, లైనుకి వేలాడుతూ ఊగుతోంది. కంపెనీ పేరు చెప్పను, తప్పు వాళ్ళది కాదు, డిక్కీ మూసిన చెయ్యి నాది. వారంటీ తయారీ లోపానికేనని, డిక్కీకి కాదని వాళ్ళు మర్యాదగానే చెప్పారు. ఆ గంటన్నర ప్రయాణంలో మీ అత్తయ్య ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ బాధ. కాబట్టి వారంటీ ఎన్నేళ్ళని కాకుండా, విరిగితే ఏం పంపించాలి, మన జేబులోంచి ఎంత కట్టాలి అన్నది చదువు. కొన్ని కంపెనీలు తప్పు మనదైనా కొంత డబ్బు తీసుకుని కొత్తది ఇస్తాయి. షీటులో దానికో కాలమ్ పెట్టు.

శనివారం గ్రేప్‌వైన్ ఊళ్ళో ఉన్న బాస్ ప్రో షాపుకి వెళ్దాం, నీ రీలు తెచ్చుకో. రీలు బిగించి, దాని ముందు ఒక వేలు మీద రాడ్‌ని అడ్డంగా నిలబెడతాం. కొన నేలకి వాలిపోతే సాయంత్రానికి నీ మణికట్టు చెబుతుంది. తరవాత నువ్వు పిడి పట్టుకో, నేను కొనని నా గొంతుకి ఆనించుకుని మాట్లాడతాను. మంచి రాడ్ అయితే నా గొంతు గరగర నీ అరచేతికి తెలుస్తుంది. నలుగురూ చూస్తారు, చూడనీ. మోజో, ఫ్యూరీ రెండూ అలా పట్టి చూసి, నీ రీలుతో కుదిరిన దాన్ని 7 అడుగుల మీడియం హెవీ ఫాస్ట్‌లో కొను. మిగిలిన డబ్బుతో ఒక అగ్లీ స్టిక్.

చేపలు పట్టే లైసెన్స్ ఎప్పుడు తీసుకున్నావో చూసుకో, మామూలు లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది. రే రాబర్ట్స్ స్టేట్ పార్కు గట్టు మీంచి వేస్తే లైసెన్స్ అక్కర్లేదు గానీ, లేక్ ఫోర్క్‌కి కావాలి. అక్కడ 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్ దొరికితే మళ్ళీ నీళ్ళలో వదిలేయాలి, టేపు మరిచిపోకు.

అన్నట్టు, వచ్చేటప్పుడు జేబులో నాలుగు ఇయర్‌బడ్స్ వేసుకురా, పాటలు వినేవి కాదు, చెవిలో పెట్టుకునే దూదివి. ప్రతి గైడ్ రింగులో ఒకటి తిప్పి చూడాలి. ఎక్కడైనా దూది పోగు చిక్కుకుందంటే రింగు బీటలిచ్చినట్టే. ఆ రాడ్ పక్కన పెట్టి ఇంకోటి తీయమందాం.

మీ మామయ్య