అడవి చేసే మేలును లెక్కగట్టే చదువు

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. మా అమ్మాయి బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీలతో బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతోంది. కృష్ణా పరీవాహక ప్రాంతంలోని అభయారణ్యాల వల్ల అందే నీరు, నేల రక్షణ వంటి సేవలు కాలక్రమంలో ఎలా మారుతున్నాయో పరిశోధిస్తానంటోంది. దీనితో ఉపాధి దొరుకుతుందా?

జవాబు: దొరుకుతుందండీ. అయితే ఈ రంగంలో నిలబెట్టేది అడవిపై ఇష్టం ఒక్కటే కాదు, లెక్కలపై పట్టు కూడా.

శ్రీశైలం జలాశయాన్నే తీసుకోండి. కట్టినప్పుడు సుమారు 308 టీఎంసీలున్న నిల్వ సామర్థ్యం పూడిక చేరి దాదాపు 215 టీఎంసీలకు పడిపోయింది. అటూ ఇటూ అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాలు ఉండగా ఇంత మట్టి ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నతోనే ఈ పరిశోధన మొదలవుతుంది. అడవి తన వాలులోని మట్టిని పట్టి ఉంచగలదే గానీ, ఎగువన మహారాష్ట్ర, కర్ణాటక పొలాల నుంచి కొట్టుకొచ్చే మట్టిని ఆపలేదు; అభయారణ్యం హద్దు వేరు, నది హద్దు వేరు. కనుక వానపాతం, నేల స్వభావం, వాలు, పచ్చదనం కలిపి ఎక్కడ ఎంత మట్టి నిలుస్తోందో, ఎంత కోతకు గురవుతోందో పాత, కొత్త ఉపగ్రహ చిత్రాలతో అంచనా కట్టాలి. ఇందుకు స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించిన ఇన్‌వెస్ట్ వంటి సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. తెరపై పచ్చగా కనిపించేది అడవో, నీలగిరి తోటో తేల్చాలంటే మాత్రం జీపీఎస్ చేతబట్టి నడవాల్సిందే. మీ అమ్మాయి చదివిన బోటనీ అక్కడే అక్కరకొస్తుంది.

ఆమెకు లోటుగా ఉన్నది గణాంకశాస్త్రం, జీఐఎస్ (కంప్యూటర్‌లో పటాలు గీసి విశ్లేషించే భౌగోళిక సమాచార వ్యవస్థ). దేహ్రాదూన్‌లోని భారత దూర సంవేదన (రిమోట్ సెన్సింగ్, అంటే ఉపగ్రహాలతో నేలను పరిశీలించడం) సంస్థ నిర్వహించే ఉచిత ఆన్‌లైన్ కోర్సులతో ఆ లోటు పూడ్చుకోవడం మొదలుపెట్టవచ్చు. పీజీకి ఈ పటాల విశ్లేషణనే నేర్పే జియోఇన్ఫర్మాటిక్స్ గానీ, పర్యావరణ శాస్త్రం గానీ ఎంచుకోవచ్చు. దేహ్రాదూన్‌లోనే ఉన్న భారత వన్యప్రాణి సంస్థలో ఎమ్మెస్సీ ఉంది గానీ, సీట్లు చాలా తక్కువ. మన బాలానగర్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రంలో విద్యార్థి ప్రాజెక్టుకు ప్రయత్నించడం మరవకండి.

తొలి రెండు మూడేళ్లు ఎక్కువగా కాంట్రాక్టు కొలువులే ఉంటాయని ముందే చెబుతున్నాను, తర్వాత నిరాశ పడకూడదు కదా. జాతీయ అర్హత పరీక్ష (నెట్)లో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక వేతనం సాధిస్తే నెలకు 37,000 రూపాయలతో పీహెచ్‌డీ చేయవచ్చు. ఆమె చదువుతున్న మూడు సబ్జెక్టులూ యూపీఎస్సీ నిర్వహించే అటవీ సర్వీసు పరీక్షకు అర్హమైనవే.

పీజీ దరఖాస్తులకు ముందు ఒక పని చేయించండి. చిలుకూరు మృగవని జాతీయ ఉద్యానవనం చుట్టూ ఐదు కిలోమీటర్ల మేర 2000 నాటి, ఇప్పటి ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలను ఉచితంగా దించుకుని, చెట్లు, చెరువులు, కట్టడాలు ఎంత మారాయో క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో పటం గీయమనండి. నెల తర్వాత కూడా విసుగు చెందక ఆ పటం ముందు కూర్చుంటే, దరఖాస్తు రుసుము నిశ్చింతగా కట్టండి.