ఆట మధ్యలో ఆగిపోయే పీసీ

ప్రశ్న: నాలుగేళ్ల కిందట కొన్న గేమింగ్ పీసీ, ఆట మొదలెట్టిన 20 నిమిషాలకే వేడెక్కి టక్కున ఆగిపోతోంది. కొత్తది కొనాలా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దు, తొందరపడకండి. ప్రాసెసర్ వేడి 100 డిగ్రీల దరిదాపులకు చేరితే ముందు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ చల్లబడకపోతే కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతుంది. ఆడుతున్నప్పుడు హెచ్‌డబ్ల్యూ మానిటర్ అనే, వేడిని కొలిచి చూపే సాఫ్ట్‌వేర్‌లో ఎంత చూపిస్తోందో చూడండి. 95 దాటితే ప్లగ్ పీకి, పక్క మూత తీయండి; ఫ్యాన్ కింద, ప్రాసెసర్ వేడిని లాగేసే హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము దూదిపరుపులా పేరుకుని ఉంటుంది, నా లెక్కలో సగం రోగం అదే. ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని మెత్తటి బ్రష్‌తో దులపండి. ప్రాసెసర్ నుంచి హీట్‌సింక్‌కు వేడిని చేరవేసే థర్మల్ పేస్ట్ కూడా ఇన్నేళ్లకు ఎండిపోయి ఉండొచ్చు, హీట్‌సింక్ విప్పి పాతది తుడిచేసి బఠాణీ గింజంత కొత్తది పెట్టండి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ 70 దగ్గరే ఉన్నా ఆగిపోతుంటే పీసీకి కరెంటు అందించే పవర్ సప్లై పెట్టెను అనుమానించాలి. దాన్ని మాత్రం మీరు విప్పకండి, ప్లగ్ తీసేసినా లోపల కరెంటు నిల్వ ఉంచుకునే కెపాసిటర్లు షాక్ కొడతాయి.