జులై ఎండ, అమ్మానాన్నలు, వాషింగ్టన్

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు. జులైలో కార్లో వర్జీనియాలోని షెనెండోవా కొండలకి బయల్దేరుతున్నాం. దారిలో శని, ఆదివారాలు వాషింగ్టన్ చూపిద్దామని ఆలోచన. ఇద్దరు పిల్లలతో కలిపి ఆరుగురం. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. చూడాల్సినవి రాసుకుంటే లిస్టు పేజీ దాటింది. ఏవి తీసెయ్యాలి? కారు ఎక్కడ పెట్టాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ లిస్టు పక్కన పెట్టండమ్మా. వాషింగ్టన్ మ్యాపులో చిన్నగా కనిపించి మోసం చేస్తుంది. అమెరికా కాంగ్రెస్ కూర్చునే క్యాపిటల్ భవనం నుంచి లింకన్ మెమోరియల్ దాకా సుమారు రెండు మైళ్ళు. జులైలో అక్కడ ఎండకి ఉక్క తోడవుతుంది, సాయంత్రానికి ఉరుములతో వాన పడ్డా ఆశ్చర్యం లేదు. "విజయవాడ ఎండ చూసినవాళ్ళం, ఇదెంత" అని మా ఇంటికొచ్చే పెద్దవాళ్ళందరూ అంటారు. విజయవాడలో మిట్టమధ్యాహ్నం రెండు మైళ్ళు ఎవరు నడుస్తారండీ? కాబట్టి పది గంటలలోపు బయట, పది నుంచి సాయంత్రం దాకా ఏసీలో, చీకటి పడ్డాక మళ్ళీ బయట. మీ ప్లానంతా దీని చుట్టూ అల్లుకోండి. స్మిత్‌సోనియన్ మ్యూజియంలు ఎక్కువ భాగం పదింటికి తెరిచి ఐదున్నరకి మూస్తారు, టికెట్ లేదు. కొన్నింటికి మాత్రం ఉచితమే అయినా టైముతో సహా పాస్ ముందే ఆన్‌లైన్లో తీసుకోవాలి, బయల్దేరే ముందు చూసుకోండి.

శనివారం పగలు కారు ఊళ్ళోకి తేవద్దు. పార్కింగ్ బోర్డులు ఒకే స్తంభానికి నాలుగు వేలాడుతుంటాయి. అవి చదివి అర్థం చేసుకునేలోపు పిల్లలు వెనక సీట్లో కొట్టుకోవడం మొదలెడతారు. మీరు ఐ-95 హైవే మీద వస్తారు కాబట్టి ఊరి చుట్టూ తిరిగే బెల్ట్‌వే రోడ్డు ఎక్కి న్యూ క్యారల్టన్ మెట్రో స్టేషన్లో కారు పెట్టండి. శని, ఆదివారాల్లో మెట్రో వాళ్ళ పార్కింగ్‌కి డబ్బులు తీసుకోరు. అక్కణ్ణుంచి ఆరెంజ్ లైన్ మారకుండా స్మిత్‌సోనియన్ స్టేషన్‌కి తీసుకెళ్తుంది. గేటు దగ్గర బ్యాంకు కార్డు తాకిస్తే చాలు. అయితే వేసవిలోనే రిపేర్ల కోసం కొన్ని స్టేషన్లు మూసేస్తుంటారు, ముందురోజు రాత్రి ఒకసారి చూడండి. రైల్లో తినకూడదు, తాగకూడదు. ఈ ముక్క అమ్మగారికి ఇంట్లోనే చెప్పండి, లేకపోతే రైలు కదిలీ కదలకముందే పులిహోర డబ్బా మూత తెరుచుకుంటుంది. పాత వ్యాసాల్లో డాలరుకి తిరిగే ఎర్ర బస్సు గురించి చదివుంటే మర్చిపోండి. సర్క్యులేటర్ బస్సులు 2024 చివర్లో ఆగిపోయాయి.

పొద్దున్నే దిగితే ముందు వాషింగ్టన్ మాన్యుమెంట్ వైపు వెళ్ళండి. పైకెక్కే టికెట్ల కోసం క్యూలో నిలబడొద్దని నా సలహా. కింద నుంచే పిల్లలకి చూపించండి: 555 అడుగుల స్తంభంలో సుమారు 150 అడుగుల దగ్గర రాయి రంగు మారుతుంది. డబ్బుల్లేక, ఆపైన అంతర్యుద్ధం వచ్చి పని ఇరవై ఏళ్ళకి పైగా ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టినప్పుడు అదే రంగు రాయి దొరకలేదు.

పదింటికి నేచురల్ హిస్టరీ మ్యూజియం తెరవగానే లోపలికి వెళ్ళండి. అందరూ ఏనుగు దగ్గర ఫోటోలకి ఆగుతారు. మీరు ఆగకుండా లిఫ్టెక్కి రెండో అంతస్తుకి వెళ్ళిపోండి. అక్కడ హోప్ డైమండ్ ఉంది. 45.52 కేరట్ల నీలం వజ్రం, చుట్టూ 16 తెల్ల వజ్రాలు. అది మన కృష్ణా ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందనే చరిత్రకారులు చెబుతారు. ఆ ప్రాంతం ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది. టావెర్నియే అనే ఫ్రెంచి వ్యాపారి 17వ శతాబ్దంలో ఆ వజ్రాన్ని కొని పద్నాలుగో లూయీకి అమ్మాడు. చాలా చేతులు మారాక 1958లో హ్యారీ విన్‌స్టన్ అనే నగల వ్యాపారి మ్యూజియానికి ఇచ్చేశాడు. ఎలా పంపించాడో చెబితే నాన్నగారు నవ్వుతారు: రిజిస్టర్డ్ పోస్టులో! ఖర్చు 145 డాలర్ల 29 సెంట్లు. అందులో స్టాంపుల ఖర్చు మూడు డాలర్లు కూడా లేదు, మిగతాదంతా ఇన్సూరెన్సే.

గాజుపెట్టె చుట్టూ జనం ఎగబడుతుంటారు. తోసుకోవద్దు. వజ్రం ఉన్న పీఠం నెమ్మదిగా తిరుగుతూ ఒక్కో కిటికీ ముందు కాసేపు ఆగుతుంది. ఒక మూల నిలబడితే మీ వైపు అదే వస్తుంది. మొదట చూస్తే నీలం కాదు, నల్లగా ఉన్నట్టుంటుంది. లైటు తగిలే కోణం మారగానే సిరా నీలం మెరుస్తుంది. పల్నాడు నుంచి వచ్చిన ఓ పెద్దాయన్ని తీసుకెళ్తే, "మా ఊరి రాయి" అని పక్కనున్న అమెరికన్లకి తెలుగులోనే చెప్పుకొచ్చాడు.

స్మిత్‌సోనియన్ మ్యూజియంలలో వీల్‌చెయిర్ ఉచితంగా ఇస్తారు, ముందు అడిగినవాళ్ళకి ముందు. "నాకెందుకు, నేనేమైనా ముసలాణ్ణా" అంటారు నాన్నగారు. వాదించకుండా తీసుకుని, అందులో మీ బ్యాగులు పెట్టండి. గంట తర్వాత బ్యాగులు పిల్లల భుజాల మీదకి, ఆయన కుర్చీలోకి వస్తారు.

మధ్యాహ్నం ఇంకొక్క మ్యూజియం, అంతే. రూముకి వెళ్ళి పడుకుని, తొమ్మిదింటికి కారులోనే లింకన్ దగ్గరికి రండి. రాత్రంతా తెరిచే ఉంటుంది. లైట్ల వెలుగులో తెల్లరాతి లింకన్ కింద నుంచి కూడా కనిపిస్తాడు, మెట్లెక్కలేకపోయినా నాన్నగారికి లోటుండదు. 1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడిన చోటుని మెట్ల మీదే చెక్కారు. పిల్లల్ని వెతకమనండి.

ఆదివారం పొద్దున్న అమ్మగారి కోసం లాన్‌హమ్‌లోని శివ విష్ణు ఆలయం. తర్వాత మసాచుసెట్స్ అవెన్యూ మీదుగా వెళ్తే మన ఎంబసీ ఎదురుగా కర్ర పట్టుకుని నడుస్తున్న గాంధీగారు కనిపిస్తారు. 2000లో వాజ్‌పేయి వచ్చినప్పుడు పెట్టిన విగ్రహం. అక్కణ్ణుంచి కొండల దారిలోనే డల్లెస్ విమానాశ్రయం పక్కన ఉద్వర్-హేజీ సెంటర్ అనే విమానాల మ్యూజియం ఉంది. డిస్కవరీ స్పేస్ షటిల్, కాంకర్డ్ ఒకే చోట చూడొచ్చు. ప్రవేశం ఉచితం, పార్కింగ్‌కి 15 డాలర్లు. సాయంత్రం నాలుగు దాటాక అదీ ఉండదు. కానీ ఐదున్నరకి మూసేస్తారు కాబట్టి ఆ డబ్బులకి చూసుకోకండి.

ఐ-66 ఎక్కాక ఎక్స్‌ప్రెస్ లేన్ల జోలికి పోవద్దు. ముగ్గురుంటే ఫ్రీ అన్నది నిజమే కానీ, దానికి స్విచ్చు ఉన్న ఈజీపాస్ ఫ్లెక్స్ అనే టోల్ పరికరం కావాలి. మామూలు ఈజీపాస్‌తో ఆరుగురున్నా టోల్ పడుతుంది.

ప్రశ్న: వైట్‌హౌస్ లోపలికి వెళ్ళొచ్చా? క్యాపిటల్ సంగతేంటి? – మరో పాఠకుడు

జవాబు: వైట్‌హౌస్‌కి అమెరికా పౌరులైతే తమ కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసు ద్వారా చాలా ముందే అడగాలి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి ఆశపెట్టకండి, లాఫయెట్ స్క్వేర్ వైపు నుంచి చూసి వచ్చేయండి. క్యాపిటల్ టూర్ మాత్రం ఎవరికైనా ఉచితం, ఆదివారం ఉండదు. తిండి, నీళ్ళు లోపలికి రానివ్వరు. ఖాళీ సీసా తీసుకెళ్ళి లోపల నింపుకోండి.