రైటింగ్‌లో 6 దగ్గరే ఆగిపోతే

ప్రశ్న: బీటెక్ ఫైనలియర్ చదువుతున్నాను. విదేశీ చదువులకు అడిగే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో తొమ్మిదికి లిజనింగ్, రీడింగ్ 7 దాటాయి. రైటింగ్ మాత్రం రెండుసార్లూ 6 దగ్గరే ఆగింది. ఇంట్లోనే చదువుకుందామని టైంటేబుల్ వేసుకుంటే రెండు వారాలకే వదిలేస్తున్నాను. ఏం చేయాలి?

సమాధానం: వదిలేయడానికి కారణం మీ బద్ధకం కాదు. మొదట్లో ఇంగ్లీషు నేర్చుకునేటప్పుడు వారం వారం తేడా తెలుస్తుంది, బీ2 స్థాయికి (మీ 6 దాదాపు ఇదే, 7 అంటే దాని పైమెట్టు సీ1) వచ్చాక తెలియదు. ఇంగ్లీషు పరీక్షలు నిర్వహించే కేంబ్రిడ్జ్ సంస్థ అంచనా ప్రకారం బీ2 నుంచి సీ1కు చేరడానికి సుమారు 200 గంటల చదువు కావాలి. రోజుకు గంటన్నర, వారానికి ఐదు రోజులు కూర్చున్నా ఆరు నెలలు పడుతుంది. అందుకే స్కోరు కోసం ఎదురుచూడకుండా ప్రతి వారం లెక్కపెట్టగలిగేది ఒకటి ఎంచుకోండి.

అది తప్పులేని వాక్యాల సంఖ్య. గ్రామర్‌లో 7 ఇవ్వాలంటే తప్పులేని వాక్యాలు తరచుగా కనిపించాలని పరీక్షకుల కొలమానమే చెబుతోంది. మొత్తం రైటింగ్ మార్కులో వ్యాసం రాసే రెండో టాస్క్‌కు మొదటిదానికన్నా రెట్టింపు విలువ కాబట్టి దానితో మొదలుపెట్టండి. వారానికి రెండు వ్యాసాలు చాలు. ఐదు నిమిషాలు ప్లాన్‌కు కలుపుకుని 40 నిమిషాల్లో 250 పదాలు దాటాలి. రాసేటప్పుడు స్పెల్‌చెక్ ఆపేయండి. దిద్దడం మర్నాడే, అదీ గట్టిగా చదువుతూ. ఒక వారం ఆర్టికల్స్ (ఎ, యాన్, ది) మాత్రమే చూడండి, మరో వారం క్రియలు మాత్రమే. తెలుగులో ఆర్టికల్స్ లేవు కనుక ‘ది’ ఎక్కడ జారిపోయిందో మన కంటికి ఆనదు. ‘డిస్కస్ అబౌట్’, ‘ఐ యామ్ హ్యావింగ్ ఎ డౌట్’ లాంటి తప్పులూ అలాగే దాటిపోతాయి.

మరి కంటికి ఆనని తప్పును ఒంటరిగా పట్టుకోవడం ఎలా? మంచి ఇంగ్లీషు సంపాదకీయంలో ఒక పేరా తీసుకోండి. వాక్యానికి రెండు మూడు ముఖ్యమైన మాటలే నోట్‌బుక్‌లో రాసుకుని పేజీ మూసేయండి. మర్నాడు ఆ మాటల ఆధారంగా పేరా మొత్తం మళ్లీ రాసి, అసలుదానితో పోల్చండి. తేడాలన్నీ తప్పులు కావు కానీ, ఆర్టికల్స్, ప్రిపొజిషన్ల లోపాలు అక్కడే బయటపడతాయి. పదాల జాబితాలు బట్టీ పట్టడం కన్నా ఇది ఎన్నో రెట్లు మేలు, ఎందుకంటే ఏ పదం పక్కన ఏది ఇముడుతుందో చేతికి అలవాటవుతుంది. నెలకు రెండు వ్యాసాలైనా ఇంగ్లీషు బాగా తెలిసిన టీచరుకు చూపించండి. ప్రశ్నలోని అన్ని భాగాలకూ జవాబు వచ్చిందో లేదో ముందుగా అడగండి. బట్టీ పట్టిన టెంప్లేట్లు వాడేవాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

ఒక రోజు తప్పిపోతే ఆ పని మర్నాటికి మోయకండి. బకాయిలు పేరుకునే కొద్దీ టైంటేబుల్ మూలనపడుతుంది. ఖాళీ లేని రోజు పావుగంట పేరా పని చేస్తే సరిపోతుంది.

రైటింగ్ ఒక్కటే మళ్లీ రాసే వన్ స్కిల్ రీటేక్ ఉంది. కానీ అసలు పరీక్ష రాసిన 60 రోజుల్లోపే అవకాశం, అదీ ఒక్కసారే. మీరు చేరాలనుకునే యూనివర్సిటీ దాన్ని అంగీకరిస్తుందో లేదో ముందే కనుక్కోండి. ప్రతి పది వాక్యాల్లో ఏడు తప్పులేకుండా రావడం వరుసగా నాలుగు వ్యాసాల్లో కనిపించేదాకా ఏ పరీక్షకూ ఫీజు కట్టకండి.