దాపటెద్దు పోయాక

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నీ కథ రెండుసార్లు చదివాను. రైతు ఎద్దు చచ్చిపోయిన రాత్రి దగ్గర నాకు గొంతు పట్టేసింది. కానీ అదే పేజీలో ‘జంట’ అనే మాట ఆరుసార్లు వచ్చింది. ఎద్దుల జంట, చెప్పుల జంట, ఆఖరికి రైతు కూతురికి ఒకే కాన్పులో పుట్టిన ఇద్దరూ జంట పిల్లలే. ఈ ఉత్తరమంతా ఆ ఒక్క మాట గురించే. విసుక్కోకుండా చదువు.

రెండేసిగా ఉండేవాటికి మనవాళ్లు అవి ఎలా రెండయ్యాయో చూసి పేరు పెట్టారు. కవలల్నే తీసుకో. ‘కవ’ అంటే రెండు. పాత పద్యాల్లో కనుగవ అంటే రెండు కళ్లు. కన్నడంలో కవలు అంటే కొమ్మ రెండుగా చీలిన చోటు, తమిళంలో కవై అన్నా చెట్టు పంగే. మన కవ కూడా ఆ ఇంటి మాటే. నీ కథలో ఆ పిల్లల్ని కవలలు అని ఉంటే, ఒక్క కొమ్మ రెండుగా చీలడం ఆ మాటలోనే కనిపించేది.

జోడు దీనికి ఎదురు. హిందీలో జోడ్నా అంటే కలపడం. విడివిడిగా ఉన్న రెంటిని తెచ్చి కలిపితే జోడు. రెండు అద్దాల్ని ఒక ఫ్రేములో బిగిస్తే కళ్లజోడు. ఎక్కడో పుట్టిన ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి పెద్దవాళ్లు ‘ఈడూ జోడూ కుదిరింది’ అంటారు. చెప్పులకు జత, జోడు రెండూ నడుస్తాయి, బట్టలకు మాత్రం జతే. జంట నాకు మనుషుల దగ్గర, పక్షుల దగ్గర బాగా నచ్చుతుంది. అందులో ఇష్టం ఉంది. తిరుపతి వేంకట కవుల్ని జంటకవులు అనడం ఎంత బాగుందో చూడు. 1920లో తిరుపతి శాస్త్రి గారు పోయారు. ఆ జంటలో రెండోవారు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు 1950 దాకా ఉన్నారు. ఒక్కరే రాసుకున్నవి కూడా ఇద్దరి పేరు మీదే వేసుకున్నారు. నాకది తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు జలదరిస్తుంది.

సంస్కృతం వైపు వెళ్తే ద్వంద్వం ఉంది. రెండు అనే మాటని రెండుసార్లు పలికితే పుట్టింది. స్కూల్లో ద్వంద్వ సమాసం, గసడదవాదేశం అని టెన్షన్ పడుతూ బట్టీ పట్టి ఉంటావు. 1858లో వచ్చిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి దానికి సూత్రం రాశారు. ఇప్పుడొకసారి నోటితో పలికి చూడు. తల్లి, తండ్రి. తల్లిదండ్రులు. పక్కన తల్లి చేరేసరికి తండ్రి గొంతు మెత్తబడింది. కూర పక్కన చేరిన కాయా అంతే, కూరగాయలు.

ఇక ఎద్దుల సంగతి. యుగళం అనే మాటలో ఉన్న యుగం అంటే కాడి. రెండు మెడల మీద ఒక్క కర్ర. మా తాతయ్య తన ఎద్దుల్ని జంట అనగా నేను వినలేదు. జత అనేవాడు, కాడెద్దులు అనేవాడు. కాడికి ఎడమపక్కది దాపటెద్దు, కుడిపక్కది వలపటెద్దు. ఒక వానాకాలం దాపటెద్దు పోయింది. సంతలో ఇంకోదాన్ని కొనుక్కొచ్చాడు. అది పొట్టిది. కాడి ఒక పక్కకి ఒరిగేది, సాలు వంకర పోయేది. ‘జత కుదర్లేదురా’ అని నాగలి అక్కడే వదిలేసి గట్టు మీద కూర్చున్నాడు. ఆ సాయంత్రం వలపటెద్దుని ఒక్కదాన్నే కుడితి తొట్టి దగ్గరికి తోలాను. తొట్టంతా ఖాళీగా ఉంది. అది మాత్రం కుడిపక్కకి జరిగి, ఎడమపక్క ఒక ఎద్దు పట్టేంత చోటు వదిలి తాగింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

నీ రైతు ఎద్దుల్లో చచ్చిపోయింది ఏ పక్కది? కథంతా వెతికాను, ఎక్కడా లేదు. అది తేల్చుకుని ఆ పేజీ మళ్లీ రాయి. ఆరు జంటల్లో రైతూ భార్యా అరుగు మీద కూర్చున్న చోట ఉన్నదాన్ని మాత్రం ఉంచు. దసరా లోపు పంపితే చదివి పెడతాను.

నీ మావయ్య