ఇంటి పెరట్లో వాడేందుకు ధరకు తగిన బార్బెక్యూ గ్రిల్‌ను ఎలా ఎంచుకోవాలి?

హైదరాబాద్‌లో ఇంటి పెరట్లోనో మేడ మీదనో నెలకు ఒకటి రెండుసార్లు అయిదారుగురికి వండుకునేవారికి గ్యాస్ గ్రిల్ కంటే మూత ఉన్న బొగ్గుల గ్రిల్లే పెట్టిన డబ్బుకు తగినదని నా అభిప్రాయం. అందులో మొదట చూడవలసినది రేకు మందం. పలుచని రేకు త్వరగా వేడెక్కి, అంతే త్వరగా చల్లారడమే కాక, కొన్నాళ్లకే వంకరపోతుంది. మూతకూ అడుగుకూ తెరిచి మూసే గాలి రంధ్రాలు తప్పక ఉండాలి, ఎందుకంటే బొగ్గుల వేడి అందే గాలిని బట్టే పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ సౌకర్యం లేని గ్రిల్‌పై కోడికాళ్లు పైన మాడి, ఎముక దగ్గర పచ్చిగా మిగిలిపోతాయి. మాంసం పెట్టే జాలీ పోత ఇనుముదైతే వేడిని బాగా నిలుపుతుంది గానీ, వానాకాలంలో నూనె రాయకుండా వదిలేస్తే తుప్పు పడుతుంది. ఆ శ్రమ వద్దనుకుంటే స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీ మేలు. జింకు పూత పూసిన జాలీని మాత్రం ఎంత చవకగా వచ్చినా కొనకూడదు, తీవ్రమైన వేడికి ఆ పూత నుంచి హానికరమైన పొగ వెలువడుతుంది.

కేవలం సీఖ్ కబాబ్‌ల కోసమే అయితే మూత కూడా అక్కరలేదు. వెల్డింగ్ షాపులో చేయించుకున్న పొడవాటి ఇనుప సిగ్డీ (బొగ్గుల కుంపటి) చాలు, కబాబ్ బండ్లవారి పని దానితోనే సాగుతోంది. బూడిద పళ్లెం విడిగా తీసేందుకు వీలుగా చేయించండి. ఏ రకమైనా, కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ప్రమాదం ఉన్నందున మూసి ఉన్న బాల్కనీలో బొగ్గులు వెలిగించరాదు.