బర్క్‌లీ కోసమైతే వద్దు, డబ్బు కోసమైతే డి ఆన్జా మంచిదే

ప్రశ్న: సర్, మేం సన్నీవేల్‌లో ఉంటాం. మా అబ్బాయికి యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) రివర్‌సైడ్‌లో కంప్యూటర్ సైన్స్ సీటొచ్చింది. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియేగో మూడూ రాలేదు. వాడేమో డి ఆన్జా కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి బర్క్‌లీకి ట్రాన్స్‌ఫర్ అవుతానంటున్నాడు. మావారికి అస్సలు ఇష్టం లేదు, ఇంతదూరం వచ్చి పిల్లాణ్ణి కమ్యూనిటీ కాలేజీలో వేశామంటే నలుగురూ ఏమనుకుంటారంటారు. రివర్‌సైడ్ పంపాలంటే కొంత అప్పు చేయాలి, ఎనిమిదో క్లాసు చదివే పాప కూడా ఉంది. ఇంకా హెచ్-1బి మీదే ఉన్నాం. బాబుకి మొన్న మార్చిలో పద్దెనిమిది నిండాయి. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు మీవారి సంగతి చూద్దాం, అది తేలిక. ఆయన మన దగ్గరే ఇంజనీరింగ్ చదివి ఉంటే, పాలిటెక్నిక్ చేసి ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో వచ్చి కూర్చున్నవాళ్లు ఆయన క్లాసులోనే ఉండి ఉంటారు. చివరికి అందరికీ ఒకటే డిగ్రీ ఇచ్చారు కదా. ఇక్కడా అంతే, ట్రాన్స్‌ఫర్ అయినవాళ్ల పట్టా మీద యూనివర్సిటీ పేరే ఉంటుంది. ఇది దొడ్డిదారి కూడా కాదు, 1960లో కాలిఫోర్నియా ఉన్నత విద్యకి మాస్టర్ ప్లాన్ వేసుకున్నప్పుడే ఈ దారి పెట్టుకున్నారు. యూసీల్లో ట్రాన్స్‌ఫర్‌గా చేరేవాళ్లలో నూటికి తొంభైమందికి పైగా ఇక్కడి కమ్యూనిటీ కాలేజీల పిల్లలే. నలుగురూ అంటారా, ఆ నలుగురిలో మీ లోను వాయిదా కట్టేవాళ్లెవరూ లేరు.

అసలు చిక్కు మీ అబ్బాయి లెక్కలో ఉంది. వాడు బహుశా ఇలా చదివి ఉంటాడు: యూసీఎల్ఏ హైస్కూల్ నుంచి అప్లై చేసేవాళ్లలో నూటికి తొమ్మిదిమందికి సీటిస్తుంటే, ట్రాన్స్‌ఫర్‌కి అప్లై చేసేవాళ్లలో పాతికమంది దాకా ఇస్తోంది. నిజమే. కానీ ఆ పాతిక అన్ని మేజర్లూ కలిపి, హిస్టరీ, సోషియాలజీ అన్నీ అందులో ఉన్నాయి. కంప్యూటర్ సైన్స్ ఒక్కదాన్నే విడదీసి చూస్తే, యూసీఎల్ఏలో అయినా బర్క్‌లీలో అయినా, ఆ సంఖ్య చాలా కిందికి పడిపోతుంది. యూసీవాళ్లే మేజర్‌వారీగా ట్రాన్స్‌ఫర్ లెక్కలు పెడతారు, వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. పోనీ వేరే మేజర్లో చేరి లోపలికెళ్లాక మారదామంటే, ఆ తలుపు కూడా దాదాపు మూసేశారు.

ఇక ట్యాగ్ అని ఒకటుంది, మీ బాబు దాని గురించి చెప్పే ఉంటాడు. చెప్పిన కోర్సులు, చెప్పిన జీపీఏతో పూర్తిచేస్తే సీటు గ్యారంటీ. అయితే అది డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరింటికే, అందులోనూ ఒక్కదానికే పెట్టుకోవాలి. బర్క్‌లీ, యూసీఎల్ఏ, శాన్ డియేగో ఇందులో లేవు. ఉన్న ఆరింట్లో కూడా అర్వైన్ కంప్యూటర్ సైన్స్‌కి ఇవ్వదు, శాంటా బార్బరాలో ఇంజనీరింగ్ కాలేజీ మొత్తం ట్యాగ్‌కి బయటే, కంప్యూటర్ సైన్స్ అక్కడే ఉంటుంది. అంటే రెండేళ్లు కష్టపడి, గ్యారంటీ కావాలనుకుంటే, చివరికి రివర్‌సైడ్‌లాంటి చోటుకే రావచ్చు. ఆ సీటు ఇప్పుడే చేతిలో ఉంది. అందుకే బర్క్‌లీ ఒక్కదాని కోసం రివర్‌సైడ్ వదులుకోమని మాత్రం నేను చెప్పను. ఫ్రెండ్స్ ముందు ఆ పేరు చెప్పుకోడానికి మొహమాటంగా ఉందన్నదే కారణమైతే మరీను. (ఇలాంటి పిల్లల్ని ఏటా చూస్తాను, అక్టోబరుకల్లా మర్చిపోతారు.)

ఇప్పుడు డబ్బు. ఇక్కడ నా మాట మారుతుంది. డి ఆన్జాలో రెసిడెంట్ ఫీజు క్వార్టర్ (దాదాపు మూడు నెలల టర్మ్) యూనిట్‌కి 31 డాలర్లు, ఏడాదికి 45 యూనిట్లు చేస్తే 1,395. చిల్లర ఫీజులు, పుస్తకాలు, పార్కింగ్ వేసుకున్నా రెండు మూడు వేలలో అయిపోతుంది, తిండి మీ ఇంట్లోనే. రివర్‌సైడ్‌లో ట్యూషనే దాదాపు 15 వేలు, గది, భోజనం కలిపితే 40 వేలకు దగ్గర. మీరు ఇక్కడ ఏడాదికి పైగా ఉంటే హెచ్-4 (హెచ్-1బి వాళ్ల కుటుంబానికిచ్చే వీసా) పిల్లలకీ రెసిడెంట్ ఫీజే వర్తిస్తుంది, కాబట్టి ఆ తేడా పూర్తిగా మీకు మిగులుతుంది.

ఆ మిగిలింది మీకు ఎందుకు ముఖ్యమంటే, బాబుకి ఇంకో మూడేళ్లలో మార్చికి ఇరవై ఒకటి నిండుతాయి. ఏ కాలేజీలో చేరినా అప్పటికి మూడో ఏడాది మధ్యలో ఉంటాడు. గ్రీన్‌కార్డ్ అప్పటికి రాకపోతే హెచ్-4 పోయి ఎఫ్-1 స్టూడెంట్ వీసాకి మారాలి, అప్పుడు యూసీలో నాన్-రెసిడెంట్ ఫీజు, అంటే మామూలు ట్యూషన్ మీద ఏడాదికి ఇంకో 37 వేలకు పైగా, పడే ప్రమాదం ఉంది. సీఎస్‌పీఏ (గ్రీన్‌కార్డ్ కోసం పిల్లల వయసు లెక్కలో తగ్గించే చట్టం) కింద వయసు ఎంత తగ్గుతుందో మీ లాయర్‌ని, ఫీజు సంగతి యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసుని రాతపూర్వకంగా అడగండి, వాట్సాప్ గ్రూపుల్లో కాదు. మొదటి రెండేళ్లకే అప్పు చేసేస్తే మూడో ఏడాది ఈ దెబ్బ తగిలినప్పుడు చేతిలో ఏమీ ఉండదు. మీ ఇంటి పరిస్థితికి నేను డి ఆన్జా వైపే మొగ్గుతాను, కారణం ఇదే, బర్క్‌లీ కాదు.

కానీ ఒక షరతు. కమ్యూనిటీ కాలేజీలో ఎవరూ వెంటపడరు. మ్యాథ్స్ 1ఏ నుంచి 1డి దాకా నాలుగు క్వార్టర్లు, ఫిజిక్స్ 4ఏ మొదలయ్యేది దాని మీద ఆధారపడి, ప్రోగ్రామింగ్ కోర్సులు వేరే వరస. మొదటి క్వార్టర్‌లో ఒకటి తప్పితే వెనకున్నవన్నీ జరుగుతాయి, రెండేళ్లు మూడవుతాయి, మీ విషయంలో ఆ మూడో ఏడాది వీసా మీదికొచ్చి కూర్చుంటుంది. నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి క్యాల్క్యులస్ సగం క్వార్టర్ కాలేజీలో చేసి, తొందరగా అయిపోతుందని మిగతా సగం సమ్మర్లో సెమిస్టర్ కాలేజీలో చేశాడు. రెండూ అతకలేదు, అతకలేదని తెలిసేసరికి అప్లికేషన్ టైమ్ వచ్చేసింది.

కాబట్టి రివర్‌సైడ్‌కి అవునో కాదో చెప్పాల్సిన మే 1 లోపల బాబుకి ఒక పని అప్పజెప్పండి. అసిస్ట్ డాట్ ఆర్గ్‌లో డి ఆన్జా నుంచి నాలుగు యూసీలకి, శాన్ హోజే స్టేట్‌కి కంప్యూటర్ సైన్స్ అగ్రిమెంట్లు (ఇక్కడి ఏ కోర్సు అక్కడ దేనికి చెల్లుతుందో చెప్పేవి) తీసి, ఆరు క్వార్టర్లకీ ఏ కోర్సు ఎప్పుడో ఒక కాగితం మీద వాడే రాయాలి, బర్క్‌లీ రాకపోతే ఆనందంగా వెళ్లే రెండు చోట్ల పేర్లు కింద రాయాలి. మీరు సాయం చేయొద్దు, గుర్తుచేయొద్దు. కాగితం వస్తే డి ఆన్జా, అక్కడ ఫాల్ సెప్టెంబరు చివర్లో గానీ మొదలవదు, టెన్షన్ లేదు. ఏప్రిల్ 29 రాత్రి మీరే లాప్‌టాప్ ముందు కూర్చుని రాస్తున్నారనుకోండి, రివర్‌సైడ్‌కి సరేనని చెప్పేయండి.